ఎముకల్లో సీసం

బస్సు పరకాల దాటిందో లేదో, కిటికీలోంచి ఎండుమిర్చి ఘాటు వచ్చి ముక్కులో కూర్చుంది. కడుపులో బిడ్డ అటునుంచి ఇటు తిరిగింది. పక్క సీట్లో మా తమ్ముడు యాకూబ్ మాత్రం నా బ్యాగును ఒళ్ళో పెట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులా పట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. పొద్దున జనగామలో మా ఇంటి తలుపు కొట్టినప్పటి నుంచి ఇదే తీరు. తొలి కాన్పుకు అక్కను పుట్టింటికి తీసుకురావలసింది తమ్ముడే కాబట్టి అమ్మీ వాడికి ఉతికిన చొక్కా తొడిగి, తలకు నూనె రాసి, భూపాలపల్లిలో బస్సెక్కించింది. వాడు ఒక్కడే అంత దూరం రావడం ఇదే మొదలు. హన్మకొండలో బస్సు మారాలని దారి పొడవునా నలుగురిని అడిగాడట. ఆ సంగతి పరీక్ష పాసైనవాడిలా గర్వంగా చెప్పాడు. ఇంకో గంటలో భూపాలపల్లి వస్తుంది. ఈ గంటలో నేను తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ బిడ్డను ఆ ఇంట్లో కనాలా వద్దా. వద్దంటే అబ్బాకు ఏం చెప్పాలి. నిజం చెబితే ఆయన బతకలేడు, చెప్పకపోతే నా బిడ్డ ఆ వాకిట్లో పాకుతుంది, రెండిటికీ మధ్య సందు లేదు, వారం రోజులుగా వెతుకుతూనే ఉన్నాను.

నేను చేసేది తాబేళ్ళ పని. కాకినాడ దగ్గర ఒక పరిశోధన కేంద్రం, చలికాలం పోతూ పోతూ ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ ఒంట్లో ఏ లోహం ఎంతుందో కొలవడం నా ఉద్యోగం. అమ్మీ మా వాడకట్టులో అందరికీ మా కహ్కషాన్ తాబేళ్ళ డాక్టర్ అని చెప్పుకుంటుంది. బతికున్నవాటికా అని ఎవరైనా అడిగితే, కాదమ్మా, చచ్చినవాటికి అని తనే నవ్వుతుంది. నా తెలంగాణ మాట వినగానే అక్కడివాళ్ళు మొదట్లో నవ్వేవాళ్ళు, మేడం ఇంకోసారి అనండి అని బతిమాలేవాళ్ళు. ఇప్పుడు అలవాటు పడ్డారు, లేకపోతే నేనే మాట మార్చుకున్నాను, ఏది ముందు జరిగిందో తెలియదు. జనవరిలో ఒక తల్లి తాబేలు వచ్చింది. వలలో చిక్కి ఊపిరాడక చచ్చింది, దాని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. డొప్ప కింద కోస్తే గుడ్లు, తెల్లగా, మెత్తగా, పెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. కాలేయం ముక్క, ఎముక ముక్క, గుడ్డు పెంకు అన్నీ ఎండబెట్టి, పొడి చేసి, ఆమ్లంలో కరిగించి యంత్రానికి ఇచ్చాను. కాలేయంలో కాడ్మియం, అది మామూలే. ఎముకలో సీసం, అదీ విన్నదే. గుడ్డు పెంకుల్లోనూ సీసం ఉంది. తల్లి తన ఎముకల్లోంచి సున్నం, అదే కాల్షియం, తీసి పిల్లలకు పెంకు కడుతుంది. ఒంటికి సున్నానికీ సీసానికీ తేడా తెలియదు, రెండిటినీ ఒకే చోట దాచుకుంటుంది, ఒకే చోటినుంచి తీసి ఇస్తుంది. పిల్లల కోసం దాచిందంతా ఇచ్చేయడం తల్లి గొప్పతనమని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఏం దాచిందో తల్లికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ రోజు నాకు నాలుగో నెల. చేతి తొడుగులు తీసేసి బయటికి వచ్చి, సముద్రం వైపు కాకుండా గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాను.

రేగొండలో బస్సు ఆగింది. ఒకామె గంపతో ఎక్కి, నా కడుపు చూసి, ఎన్నో నెల బిడ్డా అని అడిగి, చెప్పేలోపే నా తల మీద చెయ్యి పెట్టి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ చేతికి పసుపు వాసన. మా ఇంటి వాసన వేరు. మా ఇంటి వాసన కాలిన రబ్బరు, పుల్లని ఆమ్లం, వాటి మీద వేడి లోహం తియ్యగా, నాలుక కొసకు తగిలేటట్టు. అబ్బాది పాత బ్యాటరీల పని. లారీలవీ ట్రాక్టర్లవీ చచ్చిన బ్యాటరీలు తెచ్చి, పగలగొట్టి, లోపలి పలకలు తీసి, వాకిట్లో రేకుల కింద పొయ్యి మీద బాండ్లీలో కరిగించి, అచ్చుల్లో పోసి వలగుండ్లు చేస్తాడు. చేపల వల అంచున వరసగా కట్టే గుండ్లు, వలను నీళ్ళ అడుక్కు దించేవి. చిట్యాల నుంచి, ములుగు దిక్కు నుంచి, అటు జనగామలో బచ్చన్నపేట చెరువుల మీద బతికేవాళ్ళ దాకా రహీం గుండ్లంటే ఒక పేరు. కరిగిన సీసం ఎంత అందంగా ఉంటుందో ఆ వాకిట్లో పెరగనివాళ్ళకు తెలియదు. పైన బూడిద రంగు పొర, గరిటెతో పక్కకు నెడితే కింద అద్దంలాంటి వెలుగు, అందులో నా మొహం వంకరగా కనిపించేది, నేను వంగి చూస్తుంటే అబ్బా నవ్వేవాడు, దగ్గరికి రాకు బేటీ కాలుతుంది అనేవాడు. ఆయనకు తెలిసిన ప్రమాదం కాలడం ఒక్కటే. కాలకుండా మమ్మల్ని కాపాడుకున్నాడు కూడా, మా ఇద్దరి ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

నాకూ యాకూబ్‌కూ మధ్య అమ్మీకి రెండు కాన్పులు పోయాయి. దిష్టి అన్నారు. అమ్మీ అన్నారం దర్గాకు మొక్కుకుంది, వీడు పుట్టాడు, ఆ దర్గా బాబా పేరే పెట్టింది. వీడు నడిచేసరికి ఆలస్యం, మాట వచ్చేసరికి ఇంకా ఆలస్యం. మాట రాలేదని మళ్ళీ దర్గాకు, మళ్ళీ తాయెత్తు, మళ్ళీ దిష్టి. బడిలో రెండో ఎక్కం దగ్గరే వీడి చదువు ఆగిపోయింది. సార్లు కొట్టేవాళ్ళు, అబ్బా వెళ్ళి కొట్టొద్దని దండం పెట్టేవాడు, చివరికి బడి మాన్పించి తన పక్కన పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. కొడుకు మీద ప్రేమతో చేసిన పని అంటే అదే, దానికంటే పెద్ద ప్రేమ నేను ఎక్కడా చూడలేదు. మేం ఇంట్లో సగం ఉర్దూ సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటాం. గుండ్ల కోసం వచ్చే చేపలవాళ్ళతో కూర్చుని మాటలు నేర్చుకున్నాడు కాబట్టి వీడికి తెలుగే సులువు. ఇప్పుడు అబ్బా చూపు మందగించింది. కరిగిన సీసాన్ని చిమ్మకుండా సన్నటి ధారగా అచ్చులో పోయగలిగింది ఇంట్లో యాకూబ్ ఒక్కడే. చిట్యాల గట్టయ్య ఓసారి గుండు అరచేతిలో దొర్లించి, గీ పిలగాని చెయ్యి బంగారం రహీమన్నా అన్నాడు. ఆ మాట నాకు ఫోన్లో చెప్పాడు వీడు. మరునాడు మళ్ళీ చెప్పాడు. లోకం వీడికి చేతకాదు అన్న పనుల చిట్టా ఎంత పొడుగో, చేతనవును అన్నది అదొక్కటే.

పోయిన వారం సెలవు పెట్టి కాకినాడ నుంచి వస్తుంటే, మహబూబాబాద్ స్టేషన్లో రైలు ఆగి ఉండగా ఫోన్ వచ్చింది. నా రక్తం కూడా ఒకసారి చూసి పెట్టమని మా కేంద్రంలో కళావతిని అడిగి వచ్చాను. అడిగేటప్పుడు నవ్వుతూనే అడిగాను, తాబేళ్ళతో పాటు నన్నూ ఒక సంచిలో వెయ్యి అన్నాను. ఫోన్లో కళావతి నవ్వలేదు. ఉండవలసినదానికంటే ఎక్కువ ఉందని చెప్పి, నువ్వు పనిచేసేది చచ్చిన తాబేళ్ళతో కదా, ఇంత ఎలా వచ్చింది, ఇంకెక్కడైనా తగిలిందా అని అడిగింది. కిటికీ అవతల ప్లాట్‌ఫారం మీద ఒకాయన జామపండ్లు కోసి ఉప్పు చల్లుతున్నాడు. తగిలింది అన్నాను. ఎక్కడ అంది. పుట్టింటి వాకిట్లో అన్నాను. రైలు కదిలింది. కొత్తగా తగలకుండా చూసుకో, సున్నం బాగా ఉండేవి తిను, ఎముకలోది ఎముకలోనే ఉండనీ అని చెప్పింది కళావతి. పాలు తాగు, రాగిజావ తాగు, ఆ వాకిటి వైపు పోకు. తాబేలుకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు, నాకు ఉన్నారు, అదే తేడా. మా ఆయన మాజిద్ జనగామలో లెక్కల సారు, ఆయనకు ఏదైనా రెండు వరసల్లో తేలిపోవాలి. పోవద్దు, జనగామ డాక్టర్ ప్రయాణం వద్దన్నాడని చెప్పు, అయిపోయింది అన్నాడు. అయిపోతుంది, నిజమే. ఈలోపు అబ్బా ఫోన్ చేశాడు. పొయ్యి పక్క గదికి సున్నం వేయించాడట, గాలి ఆడటానికి పొయ్యి వైపు కొత్త కిటికీ కూడా పెట్టించాడట. ఆ గదిలోనే అమ్మీ నన్నూ కన్నది, యాకూబ్‌నూ కన్నది. మంచిగున్నదా బేటీ అని అడిగితే మంచిగున్నది అబ్బా అన్నాను. ఫోన్ పెట్టేసి మాజిద్ భుజం మీద పడి ఏడ్చాను.

దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తోంది, అంటే చెల్పూరు దగ్గరపడింది. బొగ్గు లారీలు వరసగా ఎదురొస్తున్నాయి. రోడ్డు పక్క మోదుగులు పూసి మండుతున్నాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు, తెచ్చుకోవాలని మాత్రం ఉంది. సముద్రంలో ఇది సులువు. తాబేలు ఒంట్లో సీసం దొరికితే అది ఏ నది తెచ్చింది, ఏ ఓడ వదిలింది, ఏ ఊరు కడిగి పారేసింది, ఎవరికీ తెలియదు. వ్యాసం చివర మూలాలను గుర్తించవలసి ఉంది అని ఒక వాక్యం రాసి ఊరుకుంటాం. నేనే ఎన్నిసార్లు రాశానో. ఇక్కడ మూలం తెలుసు. ఆయన పేరు రహీం. సైకిల్ వెనక పట్టుకుని పరిగెత్తి నాకు తొక్కడం నేర్పాడు, ఆడపిల్లకు అంత చదువెందుకన్న ప్రతివాడితోనూ తగువు పెట్టుకున్నాడు, నన్ను చదివించిన ఫీజు ఆ బాండ్లీలోంచే తీశాడు. ఆ చదువుతోనే ఇప్పుడు నేను ఆయన నేరం కనిపెట్టాను. నేరం అనకూడదు. ఇంకేమనాలో చదువు చెప్పలేదు. చెప్పేవాళ్ళు ఎవరూ ఆ వాకిట్లోకి రాలేదు, ఇన్నేళ్ళలో ఒక్క అధికారీ, ఒక్క డాక్టరూ, నాతో సహా ఎవరూ. ఆయనకు చెబితే ఆయన చేసే మొదటి పని నాకు తెలుసు. యాకూబ్ మొహం చూస్తాడు. ఇక జీవితమంతా అలాగే చూస్తాడు.

"ఆపా, గిది చూడు."

యాకూబ్ బ్యాగును మోకాళ్ళతో బిగించి, చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. విప్పితే చిన్న సీసం గుండు, శనగగింజ కంటే కాస్త పెద్దది, మధ్యలో దారం దూరే బెజ్జం, ఎక్కడా గీత లేదు, మరక లేదు. నాకు వెంటనే అర్థమైంది. మా తాత కాలం నుంచీ మా ఇంట్లో బిడ్డ పుడితే మొదట కట్టేది అదే. నల్ల మొలతాడుకు ఒక గుండు గుచ్చి కడతారు, నీళ్ళలో వల కుదురుకున్నట్టు బిడ్డ మనసు కుదురుగా ఉంటుందని, నిద్రలో ఉలిక్కిపడదని. గుండ్లు కొనడానికి వచ్చేవాళ్ళూ పిల్లల కోసం ఒకటి అడిగి తీసుకుపోయేవాళ్ళు, అబ్బా మంచిది చూసి ఏరి ఇచ్చేవాడు. నాకూ కట్టారు. పళ్ళు వచ్చేటప్పుడు మొలతాడు పైకి లాక్కుని ఆ గుండునే కొరికేదాన్నని, అది నా పాలపళ్ళకు నొక్కుకుపోయి గుంటలు పడిందని అమ్మీ ఇప్పటికీ ముద్దుగా చెబుతుంది. యాకూబ్‌కు ఒకటి సరిపోదని, దిష్టి ఎక్కువని, మూడు కట్టింది.

"అబ్బా ముట్టలే. నేనే పోసిన, నేనే అరగదీసిన. పిల్లకైనా పిలగానికైనా నడుస్తది."

మంచిగున్నది అని తీసుకుని బ్యాగులో వేసుకుంటే సరిపోయేది. తరువాత ఎక్కడో పారేస్తే ఎవరికీ తెలిసేది కాదు. మాజిద్ అయితే అదే చేసేవాడు, రెండు వరసల్లో. కానీ వీడు ఇంకొకటి పోస్తాడు. పోసినప్పుడల్లా ఆ పొగ పీలుస్తాడు. నా బిడ్డను కాపాడుకుని తమ్ముణ్ణి అక్కడే వదిలేసి జనగామకు వెళ్ళిపోతే నాది ఏం తెలివి? నోరు దానంతట అదే తెరుచుకుంది.

"గిది కట్టొద్దు యాకూబ్."

"ఎందుకు? మంచిగ రాలేదా?"

"మంచిగనే వచ్చింది. గింత మంచిది నేనెన్నడు చూడలే. కని సీసం పిల్లలకు మంచిది కాదు. నోట్లకెల్లి, పొగలకెల్లి ఒంట్లకు పోతది. ఎముకలల్ల కూసుంటది, మల్ల తొందరగ బయటికి రాదు."

వాడు గుండును కాగితంలో మళ్ళీ చుట్టాడు, చాలా నెమ్మదిగా, మూలలు సరిచేస్తూ. నీ తాంబేళ్ళకు ఉన్నట్టేనా అని అడిగాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ వాడు నా తాబేళ్ళ సంగతి అడుగుతాడు, ఇయ్యాల ఎన్ని వచ్చినయ్, కరిచినయా అని. నేను చెప్పినవన్నీ వాడికి గుర్తున్నాయి, గుడ్ల సంగతి కూడా. అట్లనే అన్నాను. నీకున్నదా అన్నాడు. ఉన్నది అన్నాను. వాడి చూపు నా కడుపు మీదికి వచ్చి ఆగింది, మళ్ళీ తన చేతుల మీదికి వెళ్ళింది. గోళ్ళ చుట్టూ ఎంత తోమినా పోని నలుపు.

"నాకు?"

పరీక్ష చెయ్యలేదు కాబట్టి తెలియదు అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఉంటది అన్నాను. నాకంటే ఎక్కువ ఉంటది అని కూడా అన్నాను, ఎందుకన్నానో తెలియదు, వాడు నన్ను ఏదైనా దాచకుండా అడుగుతాడు, బహుశా అందుకే. బస్సు చెల్పూరులో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, కండక్టర్ చిల్లర కోసం ఎవరినో విసుక్కున్నాడు. బస్సు కదిలాక చాలాసేపటికి వాడు అడిగాడు.

"గందుకేనా ఆపా, నాకు లెక్కలు రానిది?"

వ్యాసంలో అయితే ఒక కారణం కావచ్చు, కాకపోనూవచ్చు, కచ్చితంగా చెప్పలేం అని రాస్తాను, అది న్యాయం కూడా. పక్కన కూర్చున్నది నా తమ్ముడు. బడి గోడకు ఆనించి సార్లు వీణ్ణి కొడుతుంటే నేను పై తరగతి కిటికీలోంచి చూసిన రోజులున్నాయి. కావచ్చు అన్నాను. కావచ్చు యాకూబ్, నీ తప్పేం లేదు, ఎన్నడూ లేదు అన్నాను. వాడు తల ఊపాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. కిటికీ అవతల మోదుగులు, లారీలు, ఎండ చూశాడు. అబ్బాకు ఎర్కనా అన్నాడు. ఎర్కలేదు అన్నాను. అప్పుడు వాడి మొహం మారింది. పొయ్యి దగ్గర సీసం ధార అచ్చులోకి దిగుతున్నప్పుడు ఊపిరి బిగబట్టి చూసే మొహం అది.

"చెప్పకు," అన్నాడు.

గని క్వార్టర్ల వరసలు వచ్చాయి, వేపచెట్లు, ఆరేసిన యూనిఫాంలు, కొత్త కలెక్టరేటు బోర్డు. నేను నా అబద్ధాన్ని సిద్ధం చేసుకున్నాను. ఈ ఒక్క పూట ముందు గదిలో కూర్చుంటాను, పొయ్యి వైపు పోను, రేపు పొద్దున అమ్మీని వెంటబెట్టుకుని జనగామకే వెళ్ళిపోతాను, డాక్టర్ అలా అన్నాడంటాను. అబ్బా నొచ్చుకుంటాడు, కిటికీ వృథా అయిందంటాడు, ఆనక సరే అంటాడు. నా అబద్ధం నా బిడ్డకు సరిపోతుంది. ఆ పొయ్యి ముందు కూర్చునే ఇద్దరికీ అది దేనికీ పనికిరాదు. అంతకంటే మంచి అబద్ధం నాకు దొరకలేదు, ఇంత చదివీ దొరకలేదు.

బస్టాండులో అబ్బా ఎండలోనే నిలబడి ఉన్నాడు. చూపు ఆనక బస్సు బస్సుకూ దగ్గరికి వెళ్ళి మొహం పెట్టి చూస్తున్నాడు. యాకూబ్ ముందు దిగి నాకు చెయ్యి అందించాడు. అబ్బా నా తల నిమిరి, నుదురు ముద్దుపెట్టుకుని, బాగా చిక్కిపోయావన్నాడు. అమ్మీ ఖీర్ చేసిందన్నాడు. యాకూబ్ వైపు తిరిగి, అక్కను మంచిగా తెచ్చావని మెచ్చుకుని, చిట్యాల గట్టయ్య పొద్దున్నే వచ్చిపోయాడని, చెరువులు తగ్గుతున్నాయి కాబట్టి గుండ్లు తొందరగా కావాలన్నాడని, రేపే పొయ్యి పెడదామని చెప్పాడు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు యాకూబ్ మాట్లాడాడు.

"నాతోని కాదు అబ్బా."

"ఏంది బేటా?"

"సీసం పోసుడు నాతోని కాదు. చెయ్యి వణుకుతున్నది. శాన దినాలసంది వణుకుతున్నది, నీకు చెప్పలే. నాకు చాతనైతలేదు."

పుట్టి ఇన్నేళ్ళలో నా తమ్ముడు అబద్ధం ఆడటం నేను వినలేదు. ఈ ఒక్కటి తడబడకుండా, కళ్ళు దించకుండా ఆడాడు. తనకు చేతనైన ఒకే ఒక్క పనిని చేతకాదని నడి బస్టాండులో చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు. ప్రయాణం అలసట అనుకుని అబ్బా నా భుజం పట్టుకున్నాడు. ఆయన ఒక్కడే పోయలేడని ఆయనకు తెలుసు. ఇంకొకరిని పెట్టుకోవచ్చు, కానీ కొడుకు కూర్చున్న చోట ఇంకొకరిని కూర్చోబెట్టే మనిషి కాదు.

"చాతగాకుంటె వద్దు బేటా," అన్నాడు చివరికి. "బంద్ చేద్దాం. నీకంటె ఎక్కువనా అది?"

ఏదీ, చెయ్యి చూపించు అని దగ్గరికి వచ్చాడు. యాకూబ్ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.